కూర్చోమనేది ఎవరు?

జనక్‌పురి,
న్యూఢిల్లీ.

చిరంజీవి తేజశ్రీకి అమ్మ దీవెనలు.

నేనూ నాన్నా ఇక్కడ బాగానే ఉన్నాం. పొగమంచు మొదలైంది కాబట్టి ఆయన దగ్గూ మొదలైంది, అంతకుమించి విశేషం లేదు. శిక్షణలో పరుగులు పెట్టి పాదాలు బొబ్బలెక్కాయని రాశావు. పడుకునే ముందు కొబ్బరినూనెలో కాస్త పసుపు కలిపి రాసుకో. మెస్సులో సాంబారు తియ్యగా ఉందని పోలీసు ఉద్యోగమే మానేస్తానన్నావు చూడు, ఆ వాక్యం నాన్న మళ్ళీ మళ్ళీ చదివి నవ్వారు. నీ ఉత్తరంలో సగం హిందీ మాటలే అయినా తెలుగు అక్షరాల్లో రాశావు, నాకు అదే పదివేలు.

మొన్న ఆదివారం ఫోనులో, అమ్మ అంత దూరం సాకేత్ దాకా ఎందుకెళ్ళిందని నువ్వడిగితే నాన్న నీళ్ళు నమిలారు. చెప్పొద్దని నేనే సైగ చేశాను. నీ చుట్టూ పదిమంది ఉండగా చెప్పే సంగతి కాదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివాక నీకు నా మీద కోపం వస్తుందేమోనని, కోపం కంటే బాధ కలుగుతుందేమోనని భయంగా ఉంది.

కింది వాటాలో హనుమాయమ్మ పిన్నిగారు, నీకు సెలక్షన్ వచ్చిన రోజు అందరికంటే ముందు లడ్డూల డబ్బా పట్టుకొచ్చిన ఆవిడ. పోయిన నెల కూరగాయల సంతలో ఎవరో ఆవిడ మెడలో గొలుసు తెంపుకుపోయారు. ఫిర్యాదు ఇవ్వడానికి ఒక్కర్తే స్టేషనుకు వెళ్ళింది. ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. పొద్దున వెళ్ళిన మనిషి మధ్యాహ్నం దాకా గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయట, కానీ అడక్కుండా కూర్చుంటే ఏమంటారోనని జంకింది. చివరికి కాగితం తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ఎవరూ తిట్టలేదు, కసురుకోలేదు. ఇంటికొచ్చాక మాత్రం నా దగ్గర కూలబడి ఏడ్చింది.

"గొలుసు పోతే పోయింది సుభద్రా. అంతసేపట్లో ఒక్కరన్నా నన్ను కూచోమన్లేదు," అంది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పోలీసుల పనితీరు మీద కన్నేసి ఉంచే పర్యవేక్షణ మండలి ఒకటుందని, వాళ్ళు అప్పుడప్పుడూ జనం ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెబుతారని పేపర్లో చూశాను. ప్రశ్న ముందుగా రాసి పంపాలి. మనిషికి ఒక్కటే. సొంత పేరు, చిరునామా ఉండాలి. నాన్నకు చెబితే ఉత్సాహం వచ్చేసి, మిలిటరీలో ఉన్నప్పుడు సెలవు అడిగిన ధోరణిలో దణ్ణాలతో మొదలుపెట్టి, పిన్నిగారి కష్టమంతా పేజీలకు పేజీలు రాసిపడేశారు.

మండలి ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఆంటీ, ఇది ఫిర్యాదు, దీన్ని విడిగా పెట్టండి, విచారణ జరుగుతుంది. సమావేశంలో ఒక్కరి కేసు మాట్లాడరు, అందరికీ పనికొచ్చేది అడగాలి అని చెప్పింది. ఆపైన మర్యాదగానే, ఇంతకీ మీరు అడగాలనుకుంటున్నది ఏమిటి అంది. అన్ని పేజీలు రాసి మేం అడిగిందంటూ ఏమీ లేదని అప్పుడు తెలిసింది. మొరపెట్టుకోవడం అలవాటైపోయిన వాళ్ళం కదా, అడగడం చేతకాలేదు.

పిన్నిగారి చేత ఫిర్యాదు విడిగా పెట్టించాను. మెంతికూర తుంచుతూ ఆలోచించి, నా పేరున ఒక్క వాక్యం రాశాను: 'స్టేషనుకు వచ్చిన మనిషిని కూర్చోమని చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?' చిన్నపిల్లలు అడిగినట్టుందని నాన్న పెదవి విరిచారు. ఆయన మాట వినకుండా పంపేశాను.

సాకేత్‌లో ఒక హాల్లో సమావేశం. పిన్నిగారు కూడా వస్తానని పట్టుబట్టింది. యూపీ వైపున్న వైశాలి నుంచి ఒకాయన అంత దూరం మెట్రో ఎక్కి వచ్చాడు పాపం. మీ ఊరి పోలీసులు వేరే రాష్ట్రం కిందికి వస్తారు, మాకు సంబంధం లేదన్నారు మండలివాళ్ళు. దొంగలకు మాత్రం బోర్డర్ లేదు భయ్యా అని గొణుక్కుంటూ అక్కడే కూర్చుని అన్నీ విన్నాడు.

నా వంతు వచ్చింది. అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దమనిషి. అన్ని స్టేషన్లలోనూ వచ్చినవాళ్ళ కోసం కుర్చీలు వేయించామని జవాబు చదివాడు. జవాబు మీద ఇంకొక్క మాట అడగనిస్తారు. లేచాను. నేను కుర్చీల గురించి అడగలేదండీ, కూర్చోమనే మనిషి గురించి అడిగాను అన్నాను హిందీలో. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు, వచ్చే సమావేశానికి తెస్తాను అన్నాడు. తర్వాత మామూలుగానే, ఎత్తిపొడుపేమీ లేకుండా ఒక మాటడిగాడు. పోలీసులు కూడా పొద్దస్తమానం నిలబడే ఉంటారమ్మా, మీ ఇంట్లో ఎవరైనా ఈ ఉద్యోగంలో ఉన్నారా అని.

"కోయీ నహీఁ," అన్నాను.

ఎవరూ లేరన్నాను తల్లీ. నేను ఫోనులో చెప్పలేకపోయింది ఇదే. నీ పేరు అడుగుతారేమో, నీ ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమో అని భయపడ్డానని నాన్నకు చెప్పాను. అది సగం నిజం. ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక స్టేషనులో మనసు కష్టపెట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ మధ్య నిల్చుని నా బిడ్డ పోలీసు అని చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. నువ్వింకా ఒక్క రోజైనా ఉద్యోగం చెయ్యలేదు, ఎవరికీ ఏ అన్యాయం చెయ్యలేదు. నీకు సెలక్షన్ వచ్చిందని కాలనీ అంతా చాటింపు వేసినదాన్ని నేనే. ఆ నోటితోనే నువ్వు లేవన్నాను.

మెట్రో దిగబోయే ముందు పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది.

"నాకు న్యాయం చెయ్యడానికి నీ పిల్లని లేకుండా చేస్తావా తల్లీ? అట్టాంటి న్యాయం నాకొద్దు," అంది.

వారం తిరక్కుండా మండలి నుంచి సమావేశం వివరాలు వచ్చాయి, తప్పులుంటే తెలపమన్నారు. నేను అన్న మాట అందులో అచ్చయి ఉంది. దిద్ది పంపాను, నిన్ను అడక్కుండానే: 'నా కూతురు పోలీసు శిక్షణలో ఉంది. భయపడి లేదన్నాను. అందుకే ఈ జవాబు అందరికంటే నాకు ఎక్కువ అవసరం.' ఇది మీ పైవాళ్ళ దాకా వస్తుందో రాదో నాకు తెలీదు. వస్తే, మా అమ్మ అంతే అని చెప్పు. నన్ను మాత్రం క్షమించు.

మండలి వాళ్ళు జవాబు ఎప్పుడిస్తారో ఏమో. ఈలోగా నువ్వు ఆ బల్ల వెనక్కి వెళ్ళి కూర్చుంటావు. ఏ ముసలావిడో వచ్చి నీ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడుతుంది. నా ప్రశ్నకు జవాబు నాకు రాయక్కర్లేదు. ఆవిడకు చెప్పు.

ఇట్లు,
పోలీసు తేజశ్రీ వాళ్ళమ్మ,
సుభద్ర.