బా అల్లాల్ బట్టీలో స్ట్రాబెర్రీ వాసన

ఏప్రిల్ 2, మంగళవారం

తమ్ముడు జవాద్ తను పనిచేసే ఈ-సిగరెట్ల షాపు నుంచి ఓ కవరు తెచ్చాడు. లోపల వేలెడంత సీసాలు. వేప్ ద్రవంలో కలిపే కాన్సంట్రేట్లు: స్ట్రాబెర్రీ కస్టర్డ్, కారమెల్, ఇంకేవో. లేబుళ్ళు చిరిగాయని ఓనరు పారేయబోతే అడిగి తెచ్చుకున్నాడట. వీటిలో నికోటిన్ లేదు, ఒట్టి వాసనేనట. ఏం చేసుకుంటావురా అంటే, కెమిస్ట్రీ చదివింది నువ్వు, నువ్వే చెప్పక్కా అన్నాడు.

చదివాను. రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నాను. ఈ ఇంట్లో ఆ రెండు మాటలూ ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి.

సీసా మూత తీసి చూస్తే ఐడియా వచ్చింది. పండక్కి సలే ఊరంతా అవే బాదం గ్రైబా బిస్కట్లు, అదే నారింజపూల నీళ్ళ వాసన. నేను గులాబీ రంగువి చేస్తాను. మధ్యలో స్ట్రాబెర్రీ పాకం. నా స్నేహితురాలు హస్నాకి ఫోటో పెట్టకుండానే, మాటతోనే, రాబాత్‌లో తన ఆఫీసు వాళ్ళకి ఆర్డర్ ఖాయం చేసుకున్నాను.

అమ్మకి చెప్పాను. గ్రైబాలో స్ట్రాబెర్రీ వేసినదానివి రేపు హరీరా సూపులో చాక్లెట్ వేస్తావు కాబోలు, నీ అత్తగారి అదృష్టం ఎలా ఉందో గానీ అంది.

ఏప్రిల్ 4, గురువారం, మధ్యాహ్నం

పిండి కలిపాను. కిలోకి నాలుగు చుక్కలు చాలు, అదీ ఎక్కువే అన్నాడు జవాద్. నాలుగు వేశాను. పిండీ వెన్నా ఆ నాలుగింటినీ మింగేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి.

రంజాన్ ఉపవాసం. రుచి చూడటానికి లేదు. అమ్మయితే ఉప్పు సరిపోయిందో లేదో నాలిక కొసకి అంటించి ఉమ్మేస్తుంది, దానికి ఫరవాలేదట. నాకు ధైర్యం చాల్లేదు. తీపి కదా, గుటక పడితే? పైగా అమ్మ వంటింటి గుమ్మంలోనే కూర్చుని బఠానీలు ఒలుస్తోంది, ఇది పాకం మింగుతుందా లేదా అని చూస్తున్నట్టుగా.

వాసన చూసి ఇంకాస్త వేశాను. మళ్ళీ చూసి మళ్ళీ వేశాను. పాకంలో అయితే సీసా వంచేశాను.

ఒకే వాసన అదేపనిగా చూస్తే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం. చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నప్పుడు గుర్తు రాలేదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పండగ ముందు మా సందులో అందరి ట్రేలూ ముసలి బా అల్లాల్ రొట్టెల బట్టీకే వెళ్తాయి. నావీ పెట్టి వచ్చాను. లోపల నా ట్రే పక్కన పక్కింటి లల్లా తాము పెట్టిన కాబ్ గజాల్, అంటే బాదం ముద్ద నింపిన నెలవంక బిస్కట్లు, దాని పక్కన ఇంకెవరివో, అంచున ఆ పూట రొట్టెలు. ఆయన పొడవాటి తెడ్డుతో ఒక్కొక్కటీ సర్దుతూ, ఈ ఎర్రటివి ఎవరివమ్మా, పెళ్ళికూతురు అలకబూనినట్టున్నాయి అని నవ్వాడు.

వేడికి నా పాకం పొంగింది. ట్రే అంచు దాటి బట్టీ అడుగు నల్లటి ఇటుకల మీదికి కారి, మాడి, వాటిలో కలిసిపోయింది. తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు సందు మలుపు తిరగకముందే ఆ వాసన ఎదురొచ్చింది. స్ట్రాబెర్రీ కాదు, కస్టర్డ్ కాదు. బొమ్మల దుకాణం తగలబడితే వచ్చేలాంటిది.

ఇఫ్తార్‌కి రొట్టె విరిస్తే అదే. హరీరాలో ముంచితే హరీరాకి కూడా అదే.

భోజనాలయ్యాక లల్లా తాము వచ్చింది. మా గోడ పక్క గోడ వాళ్ళది. పండగ రెండో రోజు ఆమె కూతురిని చూసుకోవడానికి కాబోయే వియ్యాలవారు వస్తున్నారు. వాళ్ళ ముందు పెట్టాల్సిన కాబ్ గజాల్ ఒకటి అమ్మ ముక్కు దగ్గర పెట్టి, చూడు హాజ్జా, బాదం వేశానా షాంపూ వేశానా అంది. ముసలోడు ఏ పాత తలుపులో విరగ్గొట్టి కాల్చి ఉంటాడు, రంగు వేసిన కట్టె అయితేనే ఇలా కంపు కొడుతుంది, సొమ్ము మిగలాలి గదా వాడికి అంది.

అమ్మ ఇంకా గట్టిగా అందుకుంది. మా పిల్ల రాబాత్ ఆర్డర్ కూడా తగలేశాడు, పాపం నిన్నంతా ఒంటి కాలి మీద నిలబడి చేసుకుంది అంది.

ఎవరూ నా వైపు అనుమానంగా చూడలేదు. నష్టపోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను కదా. చెబుదామని నోరు తెరిచాను. లల్లా తాము నా చెయ్యి నిమిరి, బాధపడకు తల్లీ అంది. నోరు మూసుకున్నాను.

ఏప్రిల్ 6, శనివారం

ఇవాళ రొట్టె కూడా అదే వాసన.

ఏప్రిల్ 7, ఆదివారం

చెప్పేద్దామని వెళ్ళాను. బా అల్లాల్ నడుం దాకా బట్టీలో దూరి ఇనుప చువ్వతో అడుగు గీకుతున్నాడు. బయట అరుగు మీద ఎప్పుడూ ట్రేలు బారులు తీరి ఉండేవి. ఇవాళ రెండే ఉన్నాయి. నేనున్నంతసేపట్లోనే ఇద్దరు ఆడవాళ్ళు పిండి పళ్ళేల మీద గుడ్డ కప్పుకుని, తల తిప్పుకుని, ఊరి గుమ్మం దగ్గరి గ్యాస్ బేకరీ వైపు వెళ్ళారు. చాటుగా తీసుకెళ్ళే వస్తువులా.

మిలూద్ కట్టెల బండి వచ్చింది. అతనూ బా అల్లాలూ కుర్రతనం నుంచి స్నేహితులు. బా అల్లాల్ మసి మొహంతో బయటికొచ్చి, ఏం కట్టె వేశావురా నాకు అని అడిగాడు. ఎప్పుడూ వేసేదే, నీలగిరి అన్నాడు మిలూద్. కూల్చిన ఇళ్ళ చెక్కలు కలిపావు, ఒప్పుకో అన్నాడు ఈయన. ఉపవాసం మీద ఒట్టు అన్నాడు అతను. నీ ఉపవాసం ఎంతో నీ ఒట్టూ అంతే అన్నాడు ఈయన.

మిలూద్ దింపిన కట్టెలు మళ్ళీ బండిలోకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

నేను అక్కడే, అరుగు పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఏం కావాలమ్మాయ్ అని ఆయన విసుగ్గా అడిగితే, రెండు రొట్టెలు అన్నాను.

ఏప్రిల్ 8, సోమవారం

హస్నా ఫోను చేసింది. ఆ వాసనతోనే పంపేసిన గ్రైబాలు ఇఫ్తార్‌లో సగం కొరికి పక్కన పెట్టారట గానీ, ఫోటోలు మాత్రం అదిరాయట. బక్రీద్‌కి నీలం రంగువి చేయగలవా అని అడుగుతున్నారట.

ఏప్రిల్ 10, బుధవారం. పండగ

నమాజు అయ్యాక ఒకరినొకరు మన్నింపు అడుగుతాం, ఏడాది పొడుగునా అన్న మాటలకీ అనని మాటలకీ కలిపి. మొక్కుబడిగానే. నోటితో అనేసి బిస్కట్ అందుకుంటాం.

బా అల్లాల్ వచ్చాడు. తెల్లటి జెల్లాబా అంగీ, కొత్త పసుపు చెప్పులు. కూర్చోమంటే కూర్చోలేదు. గడపలోనే నిలబడి అమ్మతో, ఈ రంజాన్ చివర్లో మీ పిండి పాడుచేశాను, ఎవడు ఏం కట్టె వేసినా పొయ్యి నాది, చూసుకోవాల్సింది నేను, నన్ను మన్నించండి అన్నాడు. ఇంటింటికీ తిరిగి ఇదే చెబుతున్నాడట. అరుగు మళ్ళీ నిండకపోతే బట్టీ మూసి తాళం యజమానికి ఇచ్చేస్తానని జవాద్‌తో అన్నాడట కూడా.

అమ్మకి కళ్ళ నీళ్ళొచ్చాయి. అయ్యో బా, పెద్దవాడివి, అల్లా మనందర్నీ మన్నిస్తాడు, టీ తాగి వెళ్ళు అంది.

ఆయన నా వైపు తిరిగాడు. నీ మొదటి ఆర్డరట గదా బిడ్డా, నువ్వు కూడా మన్నించాలి అన్నాడు.

మన్నించాను అన్నాను.

అన్నాను. బిస్కట్ కూడా చేతికందించాను.

ఏప్రిల్ 13, శనివారం

మూడు రోజులు బట్టీ ఛాయలకి పోలేదు. ఇవాళ సీసా జేబులో వేసుకుని వెళ్ళాను.

బట్టీ చల్లగా ఉంది. అడుగు ఇటుకలన్నీ పెకలించి బయట పోశాడు. ఏళ్ళ తరబడి కాలి నల్లటి అద్దంలా నున్నబడినవి. కొత్తవి పరుస్తున్నాడు. వీటి మీద రొట్టె అడుగు సరిగ్గా కాలడానికి మళ్ళీ ఎన్నాళ్ళు పడుతుందో, అప్పటిదాకా వచ్చేవాళ్ళు ఎవరో.

నిలబడే చెప్పాను. సీసా, చుక్కలు, పాకం, అమ్మ మాట, నా నోరు పెగలకపోవడం, అన్నీ. ఆయన ఇటుక మీద ఇటుక సర్దుతూనే విన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆ ఇటుక వరస పూర్తయ్యాక, మొన్న పండగనాడు నేను అడిగితే నువ్వేమన్నావు అన్నాడు.

మన్నించానన్నాను అన్నాను.

అది వెనక్కి తీసుకో అన్నాడు.

అర్థం కాలేదు. చేయని తప్పుకి మన్నింపు నెత్తిన పెట్టుకుని తిరగలేను, ఎవరిది వాళ్ళు తీసుకోండి అన్నాడు. వెనక్కి తీసుకుంటున్నాను బా అన్నాను. గట్టిగా చెప్పు, చెవుడు నాకు అన్నాడు. మళ్ళీ చెప్పాను. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి చూశారు.

నేను ఏయే గడపలో నిలబడి అడిగానో ఆ గడపలన్నీ ఎక్కు, వాళ్ళ మన్నింపు కూడా వెనక్కి తీసుకోమను అన్నాడు. మిలూద్ దగ్గరికి కూడా వెళ్తానన్నాను. వద్దన్నాడు. ఆ ఒట్టు మీద ఉమ్మింది నా నోరు, నీ సీసా కాదు అన్నాడు.

నన్ను మన్నించమని అడగబోయాను. మట్టి చేత్తో వద్దని సైగ చేసి, ముందు ఆ గడపల మాటలు పట్టుకురా అన్నాడు.

మొదటి గడప మాదే. అమ్మ విని చేతిలో పని పక్కన పెట్టింది. నేను ఆ మనిషికి టీ ఇచ్చి మరీ మన్నించానే అంది. తర్వాత లేచి, పద, పక్కింటికి నేనూ వస్తాను, ఆ రోజు ఎక్కువ అరిచింది నేనే అంది. వద్దన్నాను. ఒంటరిగా వెళ్ళాలి.

ఏప్రిల్ 14, ఆదివారం

లల్లా తాము తలుపు సగమే తీసింది. అంతా విని, నేను వాణ్ణి మన్నించనేలేదు, పండగ కదా అని పైకన్నాను, ఏం వెనక్కి తీసుకోమంటావు అంది.

దీనికి ఏం చెప్పాలో బా అల్లాల్ నాకు చెప్పలేదు.