పువ్వు పూస్తే మేనేజరు

చిరంజీవి మరదలికి, అవసరం పడి గుర్తు చేసుకున్న బావ దీవెనలు.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వకు. మా సెక్షన్లో నేను ఫోనెత్తితే పదకొండుమందీ పని ఆపి చెవులు రిక్కిస్తారు. సంగతేమిటంటే, పోయిన నెల మీ ఊళ్ళోని హెడ్డాఫీసు నుంచి పెద్దసారు వచ్చి, నా బల్ల మీద ఒక కుండీ పెట్టారు. ఆకులకి వెండి చారలు, నడుమ గిన్నెలా గుంట. "ఇది పూసిన రోజు మేనేజరు కుర్చీ మీదే" అన్నారు, అందరి ముందూ! పదిహేడేళ్ళుగా ఆ కుర్చీ వంక చూస్తున్నాను. ఇంకో పది నెలల్లో రిటైరవుతాను. ఈ మొక్కేమో ఉలకదు, పలకదు. మొక్కల దుకాణం నడిపేదానివి, ఏదో ఒకటి చెప్పు.

ఇట్లు, ఇంకా ఆశ చావని మీ బావ.

తా.క.: నీళ్ళకి లోటు లేదు. రిజిస్టరు పెట్టాను. పదకొండుమందీ రోజూ తలా ఒక గ్లాసు పోసి సంతకం పెడుతున్నారు.

*

బావగారికి, మట్టి చేతులతోనే నమస్కారాలు.

పదకొండు గ్లాసులా! అలా పోస్తే మీరైనా కుళ్ళిపోతారు. ముందు ఆ రిజిస్టరు మూసెయ్యండి. నడుమ గుంటలో కాసిని నీళ్ళుంటే చాలు. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టండి. దాని మానాన వదిలేస్తే మూడేళ్ళకి గానీ పూయదు. మీకంత టైము లేదు కాబట్టి ఒక కిటుకు చెప్తాను. బాగా మగ్గిన ఆపిల్ పండు తెచ్చి, గాలి చొరకుండా పది రోజులు మూసి ఉంచండి. దుకాణంలో జనం ఉన్నారు, వస్తాను.

ఇట్లు, మీ మరదలు.

తా.క.: కుండీ అడుగున నీలం చుక్క ఉందేమో చూసి రాయండి.

*

మరదలికి, ముక్కు మూసుకుని బావ రాస్తున్నది.

పండు బల్ల మీద పెడితే పదిన్నరకల్లా మాయం. మూడు పళ్ళు పోయాయి, పదకొండుమందికీ మెమోలిచ్చాను. నాలుగోది నువ్వు చెప్పినట్టే గాలి చొరకుండా ఫైళ్ళ బీరువాలో పెట్టి తాళం వేశాను. పదో రోజు తెరిస్తే పండు నల్లబడి, బిలబిలమంటూ ఈగలు! టైపిస్టు సెలవు పెట్టింది. కిటికీ దగ్గర మొక్క మాత్రం చెక్కు చెదరలేదు. నన్ను ఆటపట్టిస్తున్నావా? పెళ్ళైన కొత్తలో నా కాఫీలో ఉప్పు కలిపింది నువ్వే కదూ?

ఇట్లు, మండిపడుతున్న బావ.

తా.క.: నీలం చుక్క ఉంది. అదేమన్నా తెగులా?

*

బావగారికి, నవ్వు ఆపుకుని రాస్తున్నాను.

బీరువాలో పెడితే ఫైళ్ళు పూస్తాయనుకున్నారా? పండూ మొక్కా కలిసి ఉండాలండీ! మగ్గే పండు ఒక రకం గాలి వదులుతుంది, అది తగిలితే మొక్కకి పుయ్యబుద్ధవుతుంది. గుంటలో నీళ్ళు ఒంపేసి, కుండీ పక్కన పండు పెట్టి, రెండిటినీ కలిపి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కట్టండి. ఎండ తగలనివ్వకండి. పదో రోజు సంచి విప్పి, మళ్ళీ నీళ్ళు పోసి, రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. దానికి కూడా మెమో ఇవ్వకండి.

ఇట్లు, ఉప్పు మరదలు.

తా.క.: నీలం చుక్క తెగులు కాదు. తెగులెవరో తర్వాత రాస్తాను.

*

మరదలికి, బావ.

మూడు నెలలకి పూసింది అమ్మాయ్! గులాబీ రంగులో, నిటారుగా, చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. టైపిస్టు చప్పట్లు కొట్టింది. పెద్దసారుకి కబురు పెడితే మర్నాడే వచ్చి, మొహం మాడ్చుకుని కాసేపు చూశారు. తర్వాత "భేష్" అని కుండీ ఎత్తి కార్లో పెట్టించారు. "సార్, కుర్చీ..." అన్నాను. "మళ్ళీ పూసినప్పుడు చూద్దాం" అన్నారు. అందరి ముందూ. ఏడుపొచ్చిందమ్మా. ఈ వయసులో, ఆఫీసులో, నిజంగా ఏడుపొచ్చింది. ఇంకో ఆర్నెల్లే నా నౌకరీ.

ఇట్లు, బావ.

తా.క.: బల్ల మీద కుండీ మరక గుండ్రంగా మిగిలింది. టీ కప్పు దాని మీదే పెట్టుకుంటున్నాను.

*

మేనేజరు బావగారికి (తప్పు రాయలేదు, చదవండి), మరదలి నమస్కారాలు.

నీలం చుక్క మా దుకాణం గుర్తు. ఆ మధ్య ఒక పెద్దమనిషి కార్లో వచ్చి, "అన్నిటికన్నా ఆలస్యంగా పూసే మొక్క ఇవ్వమ్మా" అన్నాడు. అలా అడిగినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు, అందుకే మొహం గుర్తుండిపోయింది. ఆయనే మీ పెద్దసారని, అది మా బావగారి నెత్తిన పెట్టడానికని అప్పుడు నాకేం తెలుసు?

ఈ నెల రోజులూ తనే పూయించానని హెడ్డాఫీసంతా చాటుకున్నాడట. నిన్న కుండీ చంకన పెట్టుకుని వచ్చాడు. ఎనిమిది నెలల్లో ఛైర్మన్ వస్తారట, ఆయన కళ్ళ ముందు మళ్ళీ పూయాలట, కిటుకు చెప్పమని బతిమాలాడు. "పూయించిన చెయ్యి మీ బ్రాంచిలో ఉంది సార్. ఆయన్ని ఇక్కడికి తెప్పించుకోండి. పెద్ద కిటికీ ఉన్న గది కూడా కావాలి" అన్నాను. అలాంటిది మేనేజరు గదొక్కటేనట. నా గల్లా బల్ల మీదే కాగితం తీసి, మిమ్మల్ని మేనేజరుగా వేస్తూ ఆర్డరు రాశాడు. ఈపాటికి మీకు అందే ఉంటుంది. అక్కకి చెప్పి సామాను సర్దించండి.

ఇట్లు, మీ కాఫీలో ఇకనుంచీ పంచదారే వేసే మరదలు.

తా.క.: ఆ జాతి మొక్క జన్మలో ఒక్కసారే పూస్తుంది. తర్వాత మెల్లిగా ఎండిపోతుంది. పూర్తిగా ఎండడానికి ఆర్నెల్లు పడుతుంది, మీ రిటైర్మెంటుకి ఐదే. రోజూ తలుపేసుకుని, దాన్ని శ్రద్ధగా చూస్తున్నట్టు కూర్చోండి.