రెండు కామల దూరం

అడవి శిబిరంలో ఉన్న నాన్నగారికి,

మీ లెయొంతీన్ గౌరవంగా, ప్రేమగా రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ చలి మిమ్మల్ని మరీ ఏడిపించడం లేదనుకుంటాను.

మీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు. ఆవు ఈనింది, పెయ్య. నాన్నమ్మ దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు. మీ కాళ్ళ కవచాలకు ఊడిన కుట్లు అమ్మ వేసింది. నాలుగో ప్రశ్నకు జవాబు చివర రాస్తాను.

ఆదివారం నది అవతలి ఊరి అమ్మాయిలతో వాళ్ళ మంచు మీదే హాకీ ఆట జరిగింది. ఈసారీ ఓడితే గోలు కాయడం నా బదులు గిస్లేన్‌కు అప్పగిస్తానని మా బడి సిస్టర్ క్లెమాన్స్ ముందే చెప్పారు. అప్పుడు మీ కవచాలు కూడా ఇచ్చేయాలి.

మొదటి భాగంలోనే రెండు గోల్స్ పోయాయి. వాళ్ళ పొడుగు పిల్ల సిమోన్ నా పక్కగా జారిపోతూ, "ఏయ్ పుస్తకాల పురుగూ, కిటికీలన్నీ తెరిచిపెట్టావే, చలేయట్లేదా?" అంది. మంచు చుట్టూ ఉన్న చెక్కల గట్టు వెనకనుంచి నాన్నమ్మ కేక: "పొయ్యి ముందు పిల్లిలా ఒదిగావేమే? బయటికి రావే!"

విరామంలో సిస్టర్ వచ్చి గౌను దులుపుకుంటూ, "మన మంచు మీద ముందుకొచ్చి నిలబడేదానివి. ఇక్కడ గీత మీదే మోకరిల్లావేం? అదేమన్నా బలిపీఠమా పిల్లా?" అన్నారు.

అప్పుడు కిందికి చూసుకున్నాను. నా మడమలు వాళ్ళ ఎర్ర గీత మీద ఉన్నాయి, ఇంటి దగ్గర ఉన్నట్టే. కానీ వాళ్ళ గీత గోలుకు మరీ దగ్గర. తప్పు అక్కడే.

ఇక నాలుగో ప్రశ్న, నాన్నగారూ. "గోలు ముందు గీత నా కొలతకే గీశావు కదా?" అని అడిగారు. లేదు. మీ గొడ్డలి కామతోనే కొలిచాను కానీ, గోలు నుంచి మీరు చెప్పిన ఒక కామ బదులు రెండు. బీట్‌రూట్ నీళ్ళతో నేనే గీశాను. పోయిన ఉత్తరంలో "మీరు చెప్పినట్టే" అని రాసింది అబద్ధం.

ఒక రాత్రి చదువుకుంటూ దీపానికి చెయ్యి అడ్డం పెట్టాను. దగ్గరికి జరిపేకొద్దీ నీడ గోడంతా కమ్మింది. బిళ్ళ కొట్టేవాళ్ళకు దగ్గరైతే గోలు కూడా అలాగే మూసుకుపోతుందనిపించింది. గని జట్టుతో ఆటలో గోలు కాస్తూ మీరు ముందుకొచ్చారని, బిళ్ళ మీ పక్కనుంచి ఖాళీ గోల్లోకి పోయిందని తెలుసు. అందుకే చెప్పే ధైర్యం చాలలేదు.

విరామం తరువాత గీత చూడటం మానేశాను. వెనక్కి చాచిన కర్రతో గోలు స్తంభాన్ని తాకి, అక్కడినుంచి రెండు కామలు ముందుకు జరిగాను. మావాళ్ళు మూడు కొట్టారు. ఆఖరి నిమిషంలో సిమోన్ ఒంటరిగా వచ్చింది. ఎదురెళ్ళాను. ఆమె కొట్టలేదు, పక్కకు తిప్పింది. మీ ఆటలో జరిగిందే! ఆమె వేగంతోనే నేనూ వెనక్కి జారాను. కర్ర స్తంభానికి టక్కుమని తగిలింది. కాలు చాచాను. బిళ్ళ మీ కవచానికి తగిలి ఆగింది.

ముందుకు రావడం నా మొండితనం. స్తంభాన్ని మరవకపోవడం మీరు నేర్పింది. రెండూ కావలసివచ్చాయి.

మీరు ఇంటికొచ్చే ఈస్టర్ ఈ ఏడు తొందరగా వస్తోంది, మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. మీరు బిళ్ళ పట్టుకుని నా మీదికి రండి. ఖాళీ కనబడితే కొట్టండి. గోలైతే గీత మీ కొలతకే జరుపుతాను. కాకపోతే దాన్ని అక్కడే ఉండనివ్వండి.

ఇట్లు,
గోలు ఇంకా తన దగ్గరే ఉన్న
మీ కూతురు
లెయొంతీన్