బకెట్ నా గదిలోనే ఉంది

చిన్నాన్న గారికి నమస్కారాలు.

మీ చీటీ అందింది. మాదాపూర్ ఆఫీసులో, ఆ ఆఫీసు యజమాని తల్లి సక్కుబాయమ్మ చేతిలోంచి నేను బకెట్ లాక్కున్న మాట నిజమే. శుక్రవారం పూజ ఉందని, మన షాపు వాళ్లం పరిచిన టేకు నేలను ఆమె బండల నేలలాగా నీళ్లు పోసి కడగబోయారు. నీళ్లు తాగితే పలకలు ఉబ్బి పైకి లేస్తాయని చెప్పాను.

"కడగని నేల మీద దేవుణ్ణి ఎట్ల కూసోబెట్టాలె పిల్లా?" అన్నారు.

"మీ ఇంట్ల దేవుడి మందిరం చెక్కదే గదమ్మా. దాని మీద బకెట్ గుమ్మరిస్తరా?" అన్నాను.

ఆమెకు క్షమాపణ చెప్పకపోతే షాపుకు రావద్దని మీరు రాశారు. చెప్పను. ఆ టేకు ఎంచింది నేను, దగ్గరుండి పరిపించింది నేను. శుక్రవారం పొద్దున్నే వెళ్లి, గట్టిగా పిండిన బట్టతో నేలంతా నేనే తుడుస్తాను.

బకెట్ మాత్రం పూజ అయ్యాకే ఇస్తానని వాళ్లకు చెప్పండి.

మీ అన్న కూతురు