వెనకద్దం, మల్టీమీటర్, గ్రేస్ పాట

డిసెంబర్ 8, సూర్యాపేట
ఈ రోజు నుంచి మా ఇంట్లో మెకానిక్ అనే మాట వినిపించదు! పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు విద్యుత్ పాఠం చెప్తున్నవాణ్ని. కోదాడలో కొన్న సెకండ్‌హ్యాండ్ కారులో ఏ.సి. రావట్లేదు, వెనకద్దం మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్ పనిచేయట్లేదు. అంతే కదా! వోల్టేజి కొలిచే మల్టీమీటర్ కొన్నాను. పసుపు రంగు. ముద్దొస్తోంది.
గడువు: క్రిస్మస్ తెల్లవారుజాము. మిర్యాలగూడలో మా అత్తగారి చర్చిలో నా భార్య గ్రేస్ మొదటిసారి ఒక్కతే పాడబోతోంది. పొగమంచులో గొంతుకు చలి తగలకుండా, అద్దాలు మూసి తీసుకెళ్తానని మాటిచ్చాను.

డిసెంబర్ 9, సాయంత్రం 5.10
బ్యాటరీ: 12.6 వోల్టులు. అద్భుతం! గ్రేస్‌ను పిలిచి చూపించాను. కారు స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే కదా అంది. సైన్స్‌కు రుజువు కావాలన్నాను.

డిసెంబర్ 12
స్విచ్: బాగుంది. ఫ్యూజులు: బాగున్నాయి. ఏ.సి.కి కరెంటు కలిపే రిలే: పీకాను. చూడ్డానికైతే బాగుంది.
ఫ్యూజులన్నీ పెట్టేశాక ఒకటి చేతిలో మిగిలింది. హారన్ మోగట్లేదు. ఈ రెంటికీ సంబంధం లేదని గ్రేస్‌కు చెప్పాను.

డిసెంబర్ 15
పరీక్ష పేపర్లు దిద్దాలి. పైగా చలి. మీటర్‌కూ విశ్రాంతి కావాలి.

డిసెంబర్ 16
అదే.

డిసెంబర్ 19
మెకానిక్ దుర్గయ్య మా వీధిలో పోతూ ఆగి, జర చూడమంటారా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. అతను మలుపు తిరగ్గానే మీటర్ తీశాను. వైరు తప్పు రంధ్రంలో పెట్టి వోల్టేజి చూశాను. టప్! మీటర్ లోపలి ఫ్యూజు పోయింది. ఈ పొరపాటు చేయొద్దని క్లాసులో ఏటా చెప్తాను.

డిసెంబర్ 21
మీటర్‌కు కొత్త ఫ్యూజు. డీఫాగర్ ఆన్ చేసి, వెనకద్దం మీది సన్నని గీతల వెంట మీటర్ సూది జరుపుతూ పోయాను. వోల్టేజి నెమ్మదిగా తగ్గాలి. 12, 12, 12... ఒక్కసారిగా సున్నా! గీత తెగింది ఇక్కడే! రెండో గీత: అక్కడే. మూడోది: అక్కడే.
కేక వేయబోయి ఆగిపోయాను. పాత ఓనరు ‘హన్మా బ్రదర్స్, హాలియా’ అని స్టిక్కర్ వేసుకున్న చోటు అది. సెకండ్‌హ్యాండ్ అని అత్తగారింట్లో తెలియకూడదని దాన్ని బ్లేడుతో గీకింది నేనే.
గ్రేస్‌కు కంపెనీ లోపమని చెప్పాను.

డిసెంబర్ 23
గీతలు కలిపే పెయింట్ ఆన్‌లైన్‌లో దొరికింది. 28న వస్తుందట. పీకిన రిలే ఎక్కడ పెట్టానో గుర్తులేదు. అయినా చలికాలం ఏ.సి. ఎవరికి కావాలి?

డిసెంబర్ 25, మధ్యాహ్నం 2.00, మిర్యాలగూడ
దారంతా పొగమంచు. అద్దాలు మూస్తే ముందూ వెనకా ఆవిరే; ముందద్దం ఆవిరి పోగొట్టేది ఏ.సి.యేనని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు కిటికీలూ దించాను. గ్రేస్ మెడకు శాలువా చుట్టుకుని కూర్చుంది.
చర్చిలో లేచి నిలబడి నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఆమె పాట మరదలు అఖిల పాడింది. గ్రేస్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చాక బ్లేడు సంగతి మొత్తం చెప్పేశాను. తిట్టడానికీ ఆమెకు గొంతు లేదు.

డిసెంబర్ 26
గ్రేస్ నా చేతిలోంచి డైరీ లాక్కుని రాసింది:
“న్యూ ఇయర్ ఆరాధనల పాడమని మళ్ల అడిగిన్రు. మా నాయన రేడియోలు రిపేర్ చేసినన్ని రోజులు పక్కన మీటర్ పట్టింది నేనే. ఇన్నేళ్లల్ల ఒక్కసారన్న అడిగిన్రా? ఇగ మీటర్ నాకియ్యండ్రి. మీరు టార్చ్ పట్టుండ్రి.”

డిసెంబర్ 27, సూర్యాపేట
ఈ రోజు నుంచి కొత్త తీర్మానం! టార్చ్ కదలకుండా పట్టుకోవాలి.
ఉదయం 9.00: పెయింట్ వచ్చేలోగా ఏ.సి. పని మొదలుపెట్టాం.
9.04: కదిలిందట.
రేపటి నుంచి ఖాయం.