ఇటుకల మీద ఓమ్నీ

నారాయణఖేడ్

తమ్ముడు విక్టర్‌కు పెద్దక్క రాస్తున్నది.

నాయిన మిగిల్చిపోయిన ఓమ్నీ వ్యానుకు నేను మళ్ళీ చక్రాలు పెట్టించాను. పట్నం వెళ్ళేముందు నీవు వాటిని ఊడదీయించి, బండిని ఇటుకల మీద నిలబెట్టావు. "గీ బండ్లు చేసుడు కంపెనీవోళ్లు బంద్ పెట్టిన్రు అక్కా. ఎవ్వరిని ముట్టనియ్యకు. ఇంకో పదేండ్లకు పాత బండ్ల షోకున్నోళ్లు ఎగబడి కొంటరు" అన్నావు. నేను షెడ్డు తలుపు మూసి ఉంచాను.

సోమవారం పక్కింటి యేసయ్య కోడలు క్రిస్టీనాకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. మన బండి ఉందన్న ధైర్యంతో వాళ్ళు ఆటో కోసం చూడలేదు, నేరుగా మన షెడ్డుకే నడిపించుకొచ్చారు. యేసయ్య తలుపు తీసి చూసి, "ఏంది చెల్లె, బండికి సమాధి కట్టిన్రా?" అన్నాడు. ఆటో దొరికేసరికి ఆలస్యమై, బిడ్డ దారిలోనే పుట్టింది. ఇప్పుడు సంగారెడ్డి దవాఖానలో అద్దాల పెట్టెలో ఉంది.

ఆ బండి కొన్ననాడు పాస్టరు దాని మీద చేతులుంచి ప్రార్థించాక, నాయిన సంఘం ముందు చెప్పిన మాట నీవూ విన్నావు. "ఎవ్వలకు ఆపద వచ్చినా గీ బండి కదలాలె" అన్నాడు. దేవుని ముందు ఇచ్చిన మాటను ధర పెరగాలని దాచిపెడతావా?

ఇక బండి యేసయ్య వాకిట్లో ఉంటుంది, తాళంచెవి అతని దగ్గరే. గీతలు పడితే పడనీ.

నీ కోసం ప్రార్థిద్దామని మోకరించాను. కోపమే వచ్చింది. ప్రార్థనలో నీ పేరు పలకగలిగేదాకా నేను ఫోను ఎత్తను.

పెద్దక్క