మిగిలిపోయిన గుండీ

అక్కా,

మామయ్య అంత్యక్రియలప్పుడు నా నల్ల కోటుకి ఒక బంగారు రంగు గుండీ మిగిలిపోయిందని నలుగురిలో నా పరువు తీశావట. "పెళ్లికీ చావుకీ అదే కోటా!" అన్నావట. అవును, అదే. పెళ్లికి మెరిసే గుండీలు కుడతాను, ఆఫీసుకి నల్లవి, ఇంటర్వ్యూకి తెల్ల కాలరు తగిలిస్తాను. ఆ రోజు కంగారులో ఒకటి మార్చడం మరిచాను, తప్పే. కోటుకి మాత్రం సిగ్గుపడను. బీరువా నిండా బట్టలు పెట్టుకుని "వేసుకోవడానికి ఏం లేదే" అని ఏడ్చేది నువ్వు, నేను కాదు.

సోమవారం నీ కూతురికి మొదటి ఇంటర్వ్యూ కదా. "పిన్నీ, నీ నల్ల కోటు ఇస్తావా? అమ్మకి చెప్పకు" అంది. గుండీలు మార్చి, ఇస్త్రీ చేసి, నీ పేరు మీదే పంపుతున్నాను. ఈసారి గుండీలు నువ్వే చూసుకో.

నీ చెల్లెలు